మేనమామ పేరు చెప్పండి ముందు

డాక్టర్ భీమశంకర్‌గారు రోగి నాలుక చూసే ముందు, నాడి చూసే ముందు, ఆఖరికి కూర్చోమని కుర్చీ చూపించే ముందు కూడా ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు.

"మీ మేనమామ పేరేమిటండీ?"

తలనొప్పి అని వచ్చినా అదే ప్రశ్న, నిద్ర పట్టడం లేదని వచ్చినా అదే. పక్కింటావిడ గోడలోంచి తనని తిడుతోందని ఎవరైనా వస్తే, "తిట్టనివ్వండి, ఎక్కడికీ పోదు. ముందు మీ మేనమామ పేరు చెప్పండి" అనేవారు. పేరు వినగానే కాగితం మీద ఒక త్రికోణం గీసేవారు. త్రికోణం అంటే మగమనిషి, సున్నా అంటే ఆడమనిషి. రెంటి మధ్యా జంటగీత ఉంటే పెళ్ళయినట్టు, మీద అడ్డంగా ఒక గీత కొడితే ఆ మనిషి పోయినట్టు. అక్కణ్ణించి మేనత్తలు, పెదనాన్నలు, వాళ్ళ అల్లుళ్ళు, అల్లుళ్ళ అక్కచెల్లెళ్ళు కాగితం చివరిదాకా దిగేవారు. ఇంక చోటు లేదనుకున్నాక, "ఆఁ, ఇప్పుడు చెప్పండి. తలనొప్పి అన్నారు కదూ?" అనేవారు. అప్పటికి సగం మందికి తలనొప్పి పోయి ఉండేది. మిగతా సగం మందికి కొత్తగా వచ్చేది.

జంషెడ్‌పూర్ భాలుబాసాలో మా తాతగారు కట్టిన చిన్న ఇంట్లో ముందు గది మా నాన్న సీతారాంగారు డెబ్భై ఎనిమిదిలో ఈయనకి అద్దెకిచ్చారు. వారంలో మూడు రోజులు ఆ గదిలో వైద్యం. మిగతా రోజులు స్కూటరు వేసుకుని ఖర్కాయి ఏరు దాటి, ఊళ్ళు తిరిగి, ఎవరెవరి మేనమామల పేర్లో పోగుచేసుకొచ్చేవారు. ఆయన మనసు జబ్బుల డాక్టరు మాత్రమే కాదనీ, ఇంగ్లండులో మానవశాస్త్రం కూడా చదివారనీ నాన్న మాకు గొప్పగా చెప్పారు.

"అంటే ఏటన్నయ్యా?" అంది ఎదురింటి జగదాంబత్త.

"మనుషులు ఎలా బతుకుతున్నారో, ఎవరికెవరు ఏమవుతారో చూసి రాసుకునే చదువు."

"దానికి ఇంగ్లండు దాకా ఎల్లాలేటి? మన కుళాయి దగ్గరికొత్తే సరిపోను."

డాక్టరుగారికి ఈ మాట చేరింది. కోపం రాలేదు సరిగదా, మర్నాడు కాగితం, పెన్సిలు పట్టుకుని నిజంగానే కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు మా వీధిలో ఎవరికీ నీళ్ళు దొరకలేదు. బిందెలన్నీ పక్కన పెట్టి ఆడవాళ్ళు త్రికోణాలూ సున్నాలూ సరిచేస్తూ కూర్చున్నారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకి జబ్బు చేసి, ఇంటి పని మీదపడి బడి మానేశాను. మనుషుల ఎదటికి రావడం నాకు భయం. మంచినీళ్ళ గ్లాసు తలుపు సందులోంచి పెట్టి వెనక్కి వచ్చేసేదాన్ని. డాక్టరుగారు ఒకరోజు నేను రాసిన చాకలి పద్దు చూసి, "ఈ సున్నాలు ఎవరివి?" అని అరిచారు. ఏం తప్పు చేశానోనని తలుపు వెనక్కి నక్కాను.

"ఎంత గుండ్రంగా ఉన్నాయమ్మా! నేను గీస్తే ఆడవాళ్ళందరూ బంగాళాదుంపల్లా వస్తున్నారు. రేపట్నించి నా పటాలకి సాపు ప్రతులు నువ్వే తియ్యాలి."

అలా నాకు కొలువు దొరికింది. తలుపు వెనక చిన్న బల్ల. మనుషులు నాకు కనబడేవారు, నేను వాళ్ళకి కనబడేదాన్ని కాదు. అంతకన్నా మంచి ఉద్యోగం నాకు ఇప్పటికీ తెలీదు.

ఈ పిచ్చి ఆయనకి ఎలా పట్టిందో భార్య కుసుమకుమారిగారు చెప్పేవారు. విశాఖపట్నంలో డాక్టరు చదివి, ఇంగ్లండులో మనసు జబ్బుల చదువు చదివి, సూటు వేసుకుని ఇక్కడి పెద్దాసుపత్రిలో చేరారట. చాయిబాసా దగ్గర హో గిరిజనుల పల్లె ఒకదానికి ఎవరినో చూడ్డానికి వెళితే, అక్కడి ముసలమ్మ రోగిని చూడనివ్వకుండా గుమ్మంలో నిలబెట్టి, "నీ మేనమామ ఎవరు?" అని అడిగిందట. చెప్పారు. "ఆయన మేనమామ?" అంది. ఈయనకి తెలీదు. "ఆయన భార్య ఏ ఊరి పిల్ల?" అదీ తెలీదు. ఆ ముసలమ్మ ఊళ్ళోవాళ్ళందరినీ పిలిచి, "పాపం, ఇంత పెద్ద మనిషి తప్పిపోయాడర్రా, అన్నం పెట్టండి" అందట. అన్నం తిని వచ్చి ఈయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, మళ్ళీ ఓడెక్కి మానవశాస్త్రం చదవడానికి వెళ్ళిపోయారు.

"అంతకు ముందు బాగుండేవారా పిన్నిగారూ?" అని అమ్మ అడిగింది.

"ఏం బాగు? పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు ఇంగ్లండు నుంచి తిన్నగా వచ్చారు కదా, ఆ రెండో చదువు అప్పుడే అయింది. నన్ను చూస్తే ఒట్టు! మా అమ్మని కూర్చోబెట్టి గంటన్నర మా వంశం గీసుకున్నారు. ఆఖర్న ఆ కాగితం దూరంగా పట్టుకు చూసి, 'నచ్చింది' అన్నారు. నేను నచ్చానో కాగితం నచ్చిందో ఈ రోజుకీ తెలీదు."

ఆయన చేతికి దొరికిన కాగితం బతికి బట్టకట్టేది కాదు. కరెంటు బిల్లు మీద, శుభలేఖ వెనక, సినిమా టికెట్టు మీద, చపాతీలు కట్టుకొచ్చిన పొట్లం మీద కూడా వంశాలు గీసేవారు. ఒకసారి సాక్చి చౌరస్తాలో స్కూటరు అడ్డంగా పోనిచ్చారని పోలీసు ఆపాడు. లైసెన్సు అడిగితే ఈయన జేబులోంచి పెన్సిలు తీసి, "మామాజీ కా నామ్ బతాయియే" అన్నారు. పోలీసు ముందు కళ్ళెర్రజేశాడు. తరవాత పేరు చెప్పాడు. తరవాత ఆరా ఊళ్ళో ఉన్న మేనమామ చిన్నప్పుడు తనని భుజాన ఎక్కించుకుని తిప్పిన తిరునాళ్ళ సంగతి చెప్పాడు. చుట్టూ లారీలు, రిక్షాలు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన సైకిళ్ళు నిలిచిపోయాయి. హారన్లు మోగుతుంటే పోలీసు వెనక్కి తిరిగి, "అరే రుకో భాయ్, మామాజీ కీ బాత్ చల్ రహీ హై" అని లాఠీ ఊపాడు.

గీతల విషయంలో మాత్రం ఆయన మహా నిక్కచ్చి. బారిడీహ్‌లో నాన్న స్నేహితులు ఆదిబాబుగారి అబ్బాయి పెళ్ళికి అందరం వెళ్ళాం. అక్షింతలు చేతుల్లో ఉన్నాయి. డాక్టరుగారు శుభలేఖ వెనక ఏదో గీసుకుంటూ ఉన్నట్టుండి తలెత్తి, "సీతారాంగారూ, ఈ వరసన పెళ్ళికూతురు పెళ్ళికొడుక్కి పిన్ని అవుతుందండీ!" అన్నారు. నెమ్మదిగా అన్నాననుకున్నారు. పందిరంతా వినబడింది. సన్నాయి ఆగిపోయింది. పెళ్ళికొడుకు మొహం చూడాలి!

అదృష్టం కొద్దీ ముందు వరసలో బంగారమ్మ అనే ముసలావిడ ఉంది. "ఒలమ్మ, అటేపు నుంచి ఎందుకొత్తారు బాబూ? మా తోడికోడలేపు నుంచి రండి. శుభ్రంగా మరదలవుద్ది!" అంది. అందరూ హమ్మయ్య అనుకుని అక్షింతలు వేశారు. డాక్టరుగారు మాత్రం, "అటువైపు నుంచి రావడానికి వీల్లేదండీ, గీత అబద్ధమాడకూడదు" అని లేవబోతుంటే నాన్న ఆయన నోట్లో లడ్డూ కుక్కి కూర్చోబెట్టారు.

ఈ పటాలన్నీ ఒక పుస్తకం కోసం. జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళ బంధుత్వాల మీద పెద్ద పుస్తకం రాస్తున్నానని ఆయన చెప్పేవారు. ఇంగ్లండు నుంచి ఎవరో ప్రొఫెసరుగారు ఆరునెలలకోసారి ఉత్తరం రాసేవారు. పుస్తకం ఏమైందని ఆయన, ఇంకా కాలేదని ఈయన. నేను సాపు రాసిన పటాలు ఒక ట్రంకు పెట్టె నిండి రెండోదాంట్లోకి వచ్చాయి.

అప్పుడు తవిటయ్యగారు వచ్చారు. వచ్చారనడం కూడా తప్పే. భార్య నూకాలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"మీ మేనమామ పేరేమిటండీ?" అన్నారు డాక్టరుగారు.

"ఆయిన మాటాడితే కదా బాబూ సెప్తాడు!" అంది నూకాలమ్మ. "నాలుగు నెల్లయి నోరిప్పనేదు. కూడెడితే తింతాడు, నీల్లిత్తే తాగుతాడు. మాట నేదు. దెయ్యాలొదిలించే ఓజా వచ్చి వేపమండల్తో కొట్టినాడు. 'అబ్బా' అని కూడా అన్నేదు బాబూ."

తవిటయ్యగారు టాటానగర్‌లో ముప్ఫై ఏళ్ళు బొగ్గింజను నడిపిన డ్రైవరు. బొగ్గింజన్లు తగ్గిపోయాక ఆయన్ని దింపి షెడ్డు ఆఫీసులో ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. వారం రోజులు కూర్చున్నాడు. ఎనిమిదో రోజు నుంచి మాట ఆగిపోయింది. పైనెల మూడో తారీఖున రైల్వే మెడికల్ బోర్డు. అడిగినదానికి జవాబు చెప్పకపోతే పనికిరాడని ఇంటికి పంపించేస్తారు. ఉద్యోగంతోపాటు క్వార్టరూ పోతుంది.

"కోటరు పోతే ఎక్కడికెల్తాం బాబూ? ఊళ్ళో మాకేటుంది? ఉన్నోళ్ళందరూ పోనారు." నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తవిటయ్యగారు గోడ మీద కేలండరు చూస్తూ కూర్చున్నాడు. ఆయన వింటున్నాడని నాకు అనిపించింది. కోటరు అన్నప్పుడు బొటనవేలు నేల మీద రాశాడు.

డాక్టరుగారు గొంతు చూశారు, చెవులు చూశారు, నిద్రకి మాత్రలు రాశారు. తరవాత రెండు గంటలు నూకాలమ్మ చేత వంశం చెప్పించి, తలుపు వెనక నా చేత గీయించారు. వాళ్ళు వెళ్ళాక నాన్నతో అన్నారు.

"గొంతు బాగుంది. మాటా ఉంది. ఇంజను మీద ఉన్నన్నాళ్ళూ ఫైర్‌మన్‌ని తిట్టుకుంటూ బతికాడు. ఇప్పుడు చుట్టూ అందరూ 'భయ్యా, భయ్యా' అనేవాళ్ళే. అంత మర్యాదలో మనిషెలా మాట్లాడతాడండీ?"

"మరి మందు?"

"బావ!"

నాన్న కళ్ళజోడు సర్దుకున్నారు.

"అన్నదమ్ముల్ని తిట్టలేం, మావగారిని తిట్టలేం. బావ ఒక్కడే చూడండి, ఎంత మాటైనా అనొచ్చు, పడొచ్చు, ఎవరికీ కోపం రాదు. అనకపోతేనే కోపం వస్తుంది. దీన్ని గురించి నేను ఇంగ్లండులో రెండేళ్ళు చదివాను. మా అమ్మని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేది. తవిటయ్యగారికి బావలందరూ పోయారు. ఇంకొకడు ఎక్కడో ఉండాలి. వెతకాలి."

నాలుగు రోజులు ట్రంకు పెట్టెల్లో తల దూర్చి వెతికారు. అయిదో రోజు నేను వాకిలి ఊడుస్తుంటే, "దొరికాడు!" అని కేక వినబడింది. ఆ దొరికినవాడు పోలరాజు.

పోలరాజు ఆదిత్యపూర్‌లో చిన్న ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని చేసేవాడు. భార్య పోయి మూడేళ్ళయింది. నిద్ర పట్టడం లేదని మా డాక్టరుగారి దగ్గరికి వచ్చేవాడు. వాగుడు మనిషి. అరగంటలో చెప్పాల్సిన వంశానికి ఆరుసార్లు వచ్చాడు. ఆయన గదిలో ఉంటే బయట కూర్చున్నవాళ్ళు కూడా ఊఁ కొట్టాల్సి వచ్చేది.

ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి డాక్టరుగారు పటం పరిచారు.

"పోలరాజుగారూ, మీ అమ్మగారు ఇదిగో ఈ సున్నా. తవిటయ్యగారి నాన్నగారికి స్వయానా చెల్లెలు. అంటే తవిటయ్యగారికి మీరు మేనత్త కొడుకు. బావ!"

పోలరాజు పటం మీదికి వంగి చాలాసేపు చూశాడు. ఆయన అంతసేపు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. డాక్టరుగారి మొహంలోకి చూశాడు, తవిటయ్యగారి వంక చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏటి బావా! బొగ్గింజను దిగినప్పుడు విజిలు కూడా దాంతోనే అప్పజెప్పీసినావేటి?"

నూకాలమ్మ పక్కున నవ్వి, నాలిక కరుచుకుంది. తవిటయ్యగారు కేలండరు వంక చూశాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మర్నాటి నుంచి పోలరాజు డ్యూటీ అవగానే సైకిలెక్కి వాళ్ళ క్వార్టరుకి వెళ్ళిపోయేవాడు. తవిటయ్యగారి మీసం చూసి బూట్ల బ్రష్ అన్నాడు. కూర తిని, "సెల్లీ, ఇలాటి కూర తినే మా బావకి మాట పడిపోనాది" అన్నాడు. తవిటయ్యగారి చెప్పులు తొడుక్కుని, "నీకన్నా ఇవే నయం బావా, కిర్రుమనైనా అంతాయి" అన్నాడు. నూకాలమ్మ అతన్ని అన్నయ్యా అనడం మొదలుపెట్టింది. భర్త బావ ఆమెకి అన్నయ్యే కదా. తవిటయ్యగారు మాత్రం పలకలేదు. ఒకటో తారీఖు వచ్చింది. ఇంకా రెండు రోజులే ఉంది.

ఆ పొద్దున్న మళ్ళీ అందరూ మా ముందు గదిలోకి వచ్చారు. డాక్టరుగారు పెన్సిలు చెక్కుతున్నారు. చెక్కిన పెన్సిలే మళ్ళీ మళ్ళీ చెక్కుతుంటే ముల్లంత మిగిలింది. నూకాలమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. పోలరాజు కూడా ఆరోజు కాస్త డీలాగానే ఉన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నట్టు అన్నాడు.

"పోనీలే సెల్లీ. ఇంజను తోలడం ఏటి పెద్ద పనా? పట్టాలే తీసికెల్తాయి. ఈయన ఊరికినే కూకోడమే కదా. నా లేతు మిషను మీదయితే తెలుసును..."

"నోరు ముయ్యరా!"

అందరం తవిటయ్యగారి వైపు తిరిగాం.

"ఓరి తుప్పట్టిన బోల్టూ! ఊరికినే కూకుంతానా? పట్టాలు తీసికెల్తాయా? రారా, వానాకాలంలో గూడ్సుతో గట్టెక్కి సూపిద్దువుగాని! సక్రాలు జారిపోతంటే ఇసకెప్పుడొదలాలో తెలుసునేట్రా నీకు? బాయిలర్లో నీల్లు కిందకెల్తే ఏటవుద్దో తెలుసునేట్రా? బోల్టు మీద మర తిప్పుకున్న మొకమూ నువ్వూనూ!"

గొంతు బొంగురుగా, తుప్పు రాలుతున్నట్టు వచ్చింది. ఇరవై నిమిషాలు ఆగలేదు. నూకాలమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. పోలరాజు చేతులు జోడించి, "సెప్పు బావా, ఇంకా తిట్టు బావా" అంటున్నాడు. ఆయాసం తీర్చుకోవడానికి తవిటయ్యగారు ఆగినప్పుడు డాక్టరుగారు నెమ్మదిగా అడిగారు.

"మీ మేనమామ పేరేమిటండీ?"

"వరహాలు బాబూ" అన్నాడు తవిటయ్యగారు. "ఆయిన ఊరు మాకవిటి."

మూడో తారీఖున బోర్డులో ఒక డాక్టరుగారు "ఎలా ఉన్నారు?" అని అడిగారట. తవిటయ్యగారు మొదలుపెట్టారట. "చాలు, చాలు, ఫిట్" అని రాసి పంపించేశారట. షెడ్డులో కొత్త కుర్రాళ్ళకి ఇంజను కబుర్లు చెప్పే పని ఇచ్చారు. క్వార్టరు నిలిచింది.

ఆ తరవాత వారం నేను తవిటయ్యగారి పటానికి సాపు ప్రతి తీస్తూ ఆగిపోయాను. తవిటయ్యగారి తండ్రి పక్కన ఆయన చెల్లెలి సున్నా ఉంది. నూకాలమ్మ చెప్పగా మొదటిరోజు నేను గీసిన సున్నాయే. అప్పుడు దాని మీద అడ్డగీత కూడా నేనే కొట్టాను, ఆ పిల్ల అయిదో ఏట అమ్మవారు పోసి పోయిందని. ఇప్పుడు ఆ గీత లేదు. అక్కడ కాగితం బ్లేడుతో గీరినట్టు పలచబడి ఉంది. పక్కన జంటగీత, ఒక త్రికోణం, వాళ్ళ కింద పోలరాజు. పోయిన పిల్లని బతికించి, పెద్దదాన్ని చేసి, పెళ్ళి చేసి, కొడుకుని ఇచ్చారు.

రెండో ట్రంకు పెట్టెలోంచి ఇంకొన్ని కాగితాలు తీసి వెలుగుకి పట్టుకు చూశాను. చాలావాటిలో అలాంటి పలచటి చోట్లున్నాయి. జగదాంబత్తకి అత్తవారి తరఫున ఎవరూ లేరు. ఆవిడ పటంలో గోల్మురిలో ఒక ఆడపడుచు మొలిచింది. ఆ ఆడపడుచు ప్రతి ఆదివారం వచ్చి ఆవిడతో పోట్లాడి వెళ్ళడం నాకు తెలుసు.

డాక్టరుగారితో నా అంతట నేను మాట్లాడింది అదే మొదటిసారి. "ఇది పుస్తకంలో వెయ్యొచ్చా అండీ?" అన్నాను.

డాక్టరుగారు కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు. పెళ్ళి పందిట్లో గీత కోసం నోట్లో లడ్డూ కుక్కేదాకా వాదించిన మనిషి, చెవులు ఎర్రబడి తలదించుకున్నారు.

"వెయ్యకూడదమ్మా."

"మరి పుస్తకం...?"

"ఏం పుస్తకం? సగం అబద్ధాలు. మంచి బ్లేడైతే కనబడదనుకున్నాను." కాగితం నా చేతికిచ్చి, "వాళ్ళతో అనకు. తెలిస్తే బంధుత్వం తెగిపోతుంది" అన్నారు. ఆ రోజే ప్రొఫెసరుగారికి ఇంకా కాలేదని మళ్ళీ ఉత్తరం రాశారు.

నేను ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు కూడా. ఆ ఆదివారం డాక్టరుగారు చాయిబాసా వెళ్ళారు. ఆయన ఊళ్ళో లేరని తెలీక తవిటయ్యగారు, పోలరాజు చింతపండు పొట్లం ఇద్దామని వచ్చి, ఎండగా ఉందని కూర్చున్నారు. నేను టీ గ్లాసులు పెడుతుంటే బల్ల మీద పటం కనబడింది పోలరాజుకి. దాచబోయాను.

"ఉండనీమ్మా, దాపడమెందుకు?" అన్నాడు పోలరాజు. "మా అమ్మ ఒక్కతే కూతురు. ఆమికి అన్నదమ్ములే నేరు. ఆరుసార్లు కూకోబెట్టి నా సేత సెప్పించుకున్న డాట్రుబాబుకి తెలీదేటి? పాపం, అంత కష్టపడి గీసినాడు. అలా కాదు బాబూ అంతే బాగుంతాదేటి?"

నేను భయంగా తవిటయ్యగారి వైపు చూశాను.

"నన్నేటి సూత్తావమ్మా?" అన్నాడు తవిటయ్యగారు టీ ఊదుకుంటూ. "మా అత్త పోనప్పుడు నానింకా పుట్నేదు. మా నాన్న ఎన్నిసార్లు తలుసుకునీవోడు! మొదటిరోజే నాకూ మా ఇంటిదానికీ తెలుసును, ఈడు మా అత్త కొడుకు కాదని. ఈ మొకంలో మా వంశం పోలిక ఒక్కటి సూపించు!"

"మరి... తెలిసీ... బావ అని ఎందుకండీ ఊరుకున్నారు?" నా నోట్లోంచి మాట వచ్చేసింది.

తవిటయ్యగారు నన్నో చిన్నపిల్లని చూసినట్టు చూశాడు.

"ఊరికినే ఎవుణ్ణి పడితే ఆణ్ణి తుప్పట్టిన బోల్టూ అని తిడతామేటమ్మా? మర్యాదుండద్దూ?"